‘జంక్’ అనే పాత తాడుముక్క గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాల గురించి ఎక్కడ మాట్లాడినా ‘జంక్’ దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు ఎదురవుతున్నాయి. చైనా పడవ నుంచి పుట్టిందా అని కొందరు అడుగుతారు. మన ‘జంకు’తో చుట్టరికం ఉందా అని కొందరు, జంక్ ఫుడ్‌కు తెలుగు మాట చెప్పి తీరాలని ఇంకొందరు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకురావడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. వరసగా చదవనక్కర్లేదు. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మాట పుట్టుక

జంక్ అంటే చెత్తే కదా, ఇందులో తెలుసుకోవలసింది ఏముంది?

ఇప్పుడు చెత్త. మొదట్లో మాత్రం పాత తాడు. 14వ శతాబ్దం మధ్య నాటికే ఇంగ్లీషు నావికులు ఈ మాట వాడుతున్నారు. లంగరు బరువును ఇక నమ్మి వేలాడదీయలేమని పక్కన పెట్టిన మోకు, తెరచాపను లాగి లాగి అరిగిపోయిన తాడు, వాటిని కోయగా వచ్చిన ముక్కలు, ఇవన్నీ జంక్. పక్కన పెట్టారే కానీ పారేయలేదు. ఈ మాట కథంతా ఆ తేడాలోనే ఉంది. 1660ల నాటికి ఓడల మీద మిగిలిన ఏ పాత సరకునైనా జంక్ అనసాగారు. ఓడతో, సముద్రంతో పని లేకుండా ఏ పాత సామానుకైనా ఆ పేరు వర్తించడం 1884 నాటి రాతల్లో కనిపిస్తుంది. తాడు నుంచి తుక్కు దాకా రావడానికి అయిదు వందల ఏళ్లు పట్టిందన్నమాట.

ఇంగ్లీషులోకి ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్కువగా వినిపించే వాదం ఇది: లాటిన్‌లో ‘యుంకుస్’ అంటే నీటి ఒడ్డున పెరిగే, మన తుంగలాంటి మొక్క. పాత ఫ్రెంచిలో అది ‘జోంక్’ అయింది. అలాంటి గడ్డిని పేని తాళ్లు చేసుకోవడం చాలా దేశాల్లో ఉన్నదే కాబట్టి గడ్డి పేరు తాడుకు వచ్చి ఉంటుందని ఊహ. పాత ఫ్రెంచిలో ఆ మాటను విలువలేని వస్తువుకు ఉపమానంగా కూడా వాడేవారు. ఇది మనకు కొత్తగా అనిపించదు. ‘తృణప్రాయంగా వదులుకున్నాడు’ అన్నప్పుడు మనమూ గడ్డిపోచనే విలువలేనితనానికి కొలతగా పెట్టుకుంటున్నాం.

అయితే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. గడ్డికీ తాడుకూ మధ్య లంకె చూపించే పాత రాత ఒక్కటీ దొరకలేదన్నది వాళ్ల అభ్యంతరం. ఉచ్చారణ కలిసింది, అర్థం కలిసేలా ఉంది, అంతవరకే. కాబట్టి ఎవరైనా ‘జంక్ లాటిన్ మాట’ అని ఘంటాపథంగా చెబితే కాస్త ఆగి వినండి.

చైనా వాళ్ల తెరచాప ఓడను కూడా జంక్ అంటారు. అసలు మూలం అదే కదా?

కాదు. అందరూ పడే పొరపాటు ఇదే, పడటంలో తప్పు కూడా లేదు. రెండూ సముద్రం మాటలే, రెండింటికీ ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగు. కానీ ఓడ పేరు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. జావా, మలయ్ భాషల్లో పెద్ద ఓడను ‘జోంగ్’ అనేవారు. ఆ తీరాలకు వెళ్లిన పోర్చుగీసు వాళ్లు దాన్ని ‘జుంకో’ చేసుకున్నారు. ఇంగ్లీషులో ఆ ఓడ పేరు 16వ శతాబ్దం నుంచి రకరకాల స్పెల్లింగులతో తిరిగి, 17వ శతాబ్దం మొదట్లో ‘జంక్’గా స్థిరపడింది. అప్పటికే ఇంగ్లీషు నావికులు పాత తాడును జంక్ అని పిలవడం మొదలుపెట్టి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఓడలోంచి తాడు పుట్టే అవకాశమే లేదు.

తెలుగులో ‘జంకు’ అంటే భయపడటం, వెనకాడటం. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఏమీ లేదు. ‘జంకు గొంకు లేకుండా’ అనే మాట మనదే. ‘జంకించు’, ‘జంకెన’ లాంటి రూపాలు పాత కావ్యాల్లోనే ఉన్నాయి. రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినిపించడం తరచుగా జరిగేదే. ధ్వనులు కొన్నే, మాటలు లక్షల్లో. ఎక్కడో ఒకచోట ఢీకొంటాయి.

ఇంగ్లీషు వాళ్ల ‘జంకెట్’ విరిగిన పాలతో చేసే తీపి వంటకమట. మన జున్నే కదా అది?

ఈ ప్రశ్న అడిగినవారికి నమస్కారం. పేరూ కలిసింది, పాలూ కలిశాయి, గిన్నెలో చూస్తే రూపమూ కొంచెం కలిసింది. అయినా చుట్టరికం లేదు. జంకెట్‌కు ఆ పేరు పాల వల్ల కాదు, బుట్ట వల్ల వచ్చింది. లాటిన్ ‘యుంకుస్’ గడ్డితో అల్లిన బుట్టలో మీగడ జున్నును వడగట్టేవారు, బుట్ట పేరు వంటకానికి అంటుకుంది. అక్కడి నుంచి విందుకూ, ఆ తర్వాత ఎవరి ఖర్చుతోనో తిరిగొచ్చే విలాసయాత్రకూ అదే పేరు పాకింది. ప్రజాధనంతో విదేశీ పర్యటనలకు వెళ్లే నాయకులను ఇంగ్లీషు పత్రికలు ఎత్తిపొడిచేది ఈ మాటతోనే. మన జున్ను ద్రావిడ పదం, కన్నడంలో దాన్ని గిణ్ణు అంటారు. పైగా మన జున్నుకు ఈనిన ఆవు ముర్రుపాలు కావాలి. జంకెట్‌కు మామూలు పాలు, వాటిని విరగగొట్టే రెన్నెట్ చాలు.

జంక్షన్?

అదీ వేరే. ‘కలపడం’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది.

## ఓడల మీద

అరిగిపోయిన తాడును ఎందుకు దాచుకునేవారు? దానితో ఏం చేసేవారు?

తెరచాప ఓడ అంటే చెక్క ఎంతో తాడూ అంతే. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ నిలబడిన విక్టరీ ఓడకు కట్టిన తాళ్ల పొడవు సుమారు 42 కిలోమీటర్లని లెక్క. ఇంగ్లండులోని చాథమ్ నౌకాశాలలో తాళ్లు పేనే భవనం 346 మీటర్ల పొడవుంటుంది. పొడవాటి మోకును వంచకుండా, తెగకుండా పేనాలంటే అంత పొడవు నేల కావలసిందే. ఆ భవనం ఇప్పటికీ ఉంది, అందులో ఇప్పటికీ తాళ్లు పేనుతున్నారు. తాడుకు కావలసిన హెంప్ నార ఎక్కువగా రష్యా నుంచి వచ్చేది. యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోతే నౌకాదళం గుండెల్లో రాయి పడేది. అలాంటి రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ మన దేశపు జనుము మీద ఆశ పెట్టుకుంది.

ఇంత శ్రమతో, ఇంత ఖర్చుతో వచ్చిన తాడును అరిగిందని ఎవరు పారేస్తారు? పురి విప్పి, బాగున్న పోగులు ఏరి సన్నతాళ్లు పేనేవారు. చాపలు అల్లి, తాడూ తాడూ ఒరుసుకునే చోట చుట్టేవారు. డెక్కు తుడిచే కుచ్చులు కట్టేవారు. ఓడ రేవు గోడకు గుద్దుకోకుండా పక్కన వేలాడదీసే మెత్తలను కుక్కి నింపేవారు. ఫిరంగిలో మందు, గుండు కదలకుండా దట్టించే ఉండలు కూడా పాత తాడువే. ఇంకా మిగిలితే కాగితం మిల్లు ఉండనే ఉంది. ముతక గోధుమరంగు కాగితం పాత తాళ్ల నుంచే వచ్చేది.

ఇన్నింటినీ మించిన పని మరొకటుంది. చెక్క ఓడ పలకల మధ్య సందులుంటాయి. పాత తాడును పీచుగా విడదీసి, ఆ పీచును ఉలిలాంటి ఇనుముతో, కొయ్యసుత్తితో సందుల్లోకి దిగ్గొట్టి, పైన వేడి కీలు (తారు) పోసేవారు. నీటికి తడిసిన పీచు ఉబ్బి సందు బిగుసుకుపోయేది. ఓడను నడిపి నడిపి అరిగిపోయిన తాడే చివరికి ఆ ఓడ మునగకుండా కాపాడేది.

ఓకమ్ అంటే ఏమిటి? ఓక్ చెట్టుకూ దానికీ సంబంధం ఉందా?

పాత తాడును విప్పి తీసిన కీలు పీచు పేరు ఓకమ్. ఓక్ చెట్టుతో సంబంధం లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘ఆకుంబా’ అనే మాట ఉండేది. అందులోని ‘కుంబా’, ఇప్పటి ఇంగ్లీషులో దువ్వెనకున్న ‘కోమ్’ అనే పేరు ఒకే కుదురువి. ‘ఆకుంబా’ అంటే దువ్వితే ఊడి వచ్చినది. అవిసె నారను దువ్వెనలాంటి ముళ్లపలకతో చిక్కు తీసేటప్పుడు పొడుగు నార ఒకవైపు వస్తుంది, పొట్టి ముక్కలు ముళ్లకు చిక్కుకుని మిగిలిపోతాయి. ఆ మిగులే ఆకుంబా. ఉదయం తల దువ్వుకున్నాక దువ్వెనలోంచి లాగే వెంట్రుకల ఉండ గుర్తొస్తే మీరు మాట మూలాన్ని పట్టుకున్నట్టే. ఇంగ్లీషులో వ్యర్థానికి నిజంగా ప్రాచీనమైన మాట కావాలంటే జంక్ కన్నా ఇదే పెద్దది. కాకపోతే ఓడలతోపాటే మరుగున పడింది.

జైళ్లలో ఖైదీల చేత ఓకమ్ తీయించేవారట, తాడు విప్పడం కూడా శిక్షేనా?

శిక్షే. ఎందుకో చూద్దామని మా పెరటి బావికి వాడి పడేసిన పాత చేంతాడును జానెడు కోసి కూర్చున్నాను. మొదటి పురి సులువుగా విడిపోయింది. మూడు పాయలు వచ్చాయి. ఒక్కో పాయలో మళ్లీ పోగులు, ఆ పోగులకు ఎదురు పురి. పోగును నలిపితే తప్ప పీచు విడదు. పావుగంటకే బొటనవేలి గోరు కింద నార గుచ్చుకుంది. తీరా చూస్తే అరచేతిలో పిచ్చుకగూడంత పీచు. నాది మామూలు తాడు. ఖైదీల చేతికిచ్చే ఓడ తాడు కీలులో నానబెట్టి పేనింది, ఏళ్ల తరబడి ఉప్పునీటిలో గట్టిపడింది.

19వ శతాబ్దపు ఇంగ్లండు జైళ్లలో ఇది రోజువారీ పని. తాడు ముక్కలను తూచి ఇచ్చేవారు, సాయంత్రం పీచును తూచి తీసుకునేవారు. మోకాలి దగ్గర కట్టుకునే ఇనుపకొక్కేనికి తాడును రాస్తూ విడదీసేవారు. 1834 నాటి పేదల చట్టం తర్వాత వెలిసిన వర్క్‌హౌసుల్లోనూ, అంటే పేదలకు గూడు ఇచ్చి బదులుగా పని చేయించుకునే చోట్లలోనూ, ఇదే పని. నేరం చేసినవాడికీ, పేదవాడై గూడు అడిగినవాడికీ ఒకే తాడు ఇచ్చిన కాలం అది. 1895లో రెండేళ్ల కఠినశిక్ష పడిన రచయిత ఆస్కార్ వైల్డ్ కూడా ఓకమ్ తీసినవారే. అండమాన్ సెల్యులర్ జైలులో మన రాజకీయ ఖైదీల చేత కొబ్బరిపీచు దంచించడం గురించి చదివే ఉంటారు. అక్కడ పీచు నుంచి తాడు, ఇక్కడ తాడు నుంచి పీచు. చేతులకు పడిన బొబ్బల్లో తేడా లేదు.

పాత తాడుముక్కలను కూడా దొంగతనం చేసేవారా?

బాగా చేసేవారు. కొనేవాళ్లు సిద్ధంగా ఉండగా దొంగలకు కొదవేముంటుంది! అందుకే బ్రిటిష్ నౌకాదళం తన తాళ్లలో వేరే రంగు పోగునొకదాన్ని కలిపి పేనేది. దాని పేరే ‘దొంగ పోగు’. తాడు ఎక్కడ కోసినా ఆ పోగు బయటపడేది. అలాంటి సరకు ఎవరి దగ్గరైనా కనబడితే శిక్షించేలా 17వ శతాబ్దం చివర్లోనే చట్టం చేశారు. పాత తాడు వ్యాపారి తూకానికి ముందు తాడు కొసను వేళ్లతో విప్పి చూసుకునేవాడంటే కారణం అదే.

ఉప్పు మాంసాన్ని కూడా జంక్ అనేవారని విన్నాను. నిజమేనా?

నిజమే. 1762 నాటి రాతల్లోనే ఆ వాడుక ఉంది. నెలల తరబడి సాగే ప్రయాణాలకు గొడ్డుమాంసాన్ని ఉప్పు దట్టించి పీపాల్లో పెట్టేవారు. పీపా తెరిచేసరికి అది పీచులు పీచులుగా, నమిలితే నలగకుండా తయారయ్యేది. తాళ్ల మధ్య బతికే మనిషికి ఆ మాంసాన్ని చూసి పాత తాడు గుర్తురావడంలో వింతేముంది? వంటవాడి మీద కోపం వెళ్లగక్కడానికి దొరికిన మాట కాలక్రమంలో పేరుగా స్థిరపడింది. జంక్ అనే మాట తిండిని అంటుకోవడం 20వ శతాబ్దపు ముచ్చట అనుకునేవారు ఈ పీపా మూత ఒకసారి తీసి చూడాలి.

తిమింగలం తలలో జంక్ ఉంటుందా?

స్పెర్మ్ తిమింగలం తలలో ఉంటుంది. తల పై భాగంలో ద్రవంగా ఉండే మేలిరకం నూనె నిండిన పెద్ద సంచి, దాని కింద నూనె పట్టిన మెత్తటి కొవ్వు పదార్థం ఉంటాయి. వేటగాళ్లు ఆ కింది భాగాన్ని జంక్ అన్నారు. పై నూనెను బాల్చీలతో తోడుకోవచ్చు, జంక్‌ను మాత్రం దిమ్మలుగా కోసి కాచాలి. శ్రమ ఎక్కువ కాబట్టి రెండో రకం. పారేయలేదు సుమా, అందులోనూ నూనె ఉంది.

1820 నవంబరు 20న పసిఫిక్ సముద్రంలో ఎసెక్స్ అనే వేట ఓడను ఒక స్పెర్మ్ తిమింగలం తలతో గుద్ది ముంచేసింది. అంత దెబ్బ కొట్టిన తల ఎలా చెక్కుచెదరలేదన్న ప్రశ్న మీద 2016లో వచ్చిన ఒక పరిశోధన, ఈ జంక్ భాగంలోని అడ్డుపొరలు దెబ్బ తీవ్రతను తగ్గించగలవని లెక్కకట్టి చూపింది. వేటగాళ్లు రెండో రకం అన్న భాగమే వేట ఓడను ముంచడానికి పనికొచ్చి ఉండవచ్చు.

## ఒడ్డుకు వచ్చాక

జంక్ షాపులు ఎప్పుడు మొదలయ్యాయి?

18వ శతాబ్దం చివరి నాటికి ఆ పేరుంది. రేవు పక్కన పాత తాడు, చినిగిన తెరచాప, తుప్పుపట్టిన మేకులు, ఇత్తడి ముక్కలు కొని అమ్మే కొట్లు అవి. తాడుతో మొదలై చివరికి ఎముకలు, గుడ్డపేలికలు, సీసాల దాకా వచ్చాయి. మన ఊళ్లలో ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని మైకు పెట్టుకుని తిరిగే బండి వాళ్లు వాళ్లకు వృత్తి బంధువులు.

‘పాత తాడుకు డబ్బు’ అని ఇంగ్లీషులో జాతీయం ఉందట, దాని అర్థం?

ఒళ్లు వంచకుండా వచ్చిన సొమ్ము అని. జంక్ అమ్మకాల నుంచే పుట్టిందని చెబుతారు. ఓకమ్ తీసినవాళ్లెవరూ ఈ జాతీయాన్ని కనిపెట్టి ఉండరని మాత్రం చెప్పగలను.

మత్తుమందుకు జంక్ అనే పేరు, దానికి బానిసైనవారికి ‘జంకీ’ అనే పేరు ఎలా వచ్చాయి?

అమెరికాలో 1920ల నాటికి రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి, ముఖ్యంగా హెరాయిన్ విషయంలో. మత్తుకు డబ్బు కోసం పాత ఇనుము ఏరి జంక్ కొట్లకు అమ్ముకునేవారు కాబట్టి జంకీలయ్యారని ఒక కథనం ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ, పనికిమాలిన సరకు అనే అర్థం నుంచి నేరుగా వచ్చిందనడమే నాకు సబబుగా తోస్తుంది. తెలుగు వార్తల్లో ‘జంకీ’ అని రాయకండి. వ్యసనంతో బాధపడుతున్న మనిషిని తుక్కుతో పోల్చే మాట అది.

ఈమెయిల్‌లో జంక్, స్పామ్ రెండూ కనిపిస్తాయి. తేడా ఏమిటి?

పనిలో పెద్ద తేడా లేదు, వయసులో ఉంది. ‘జంక్ మెయిల్’ అనే మాట 1954 నాటికే ఉంది. అప్పటికి ఈమెయిల్ పుట్టలేదు. తపాలా పెట్టెలో అడగకుండా వచ్చిపడే ప్రకటన కాగితాలకు పెట్టిన పేరది. స్పామ్ అనేది 1937లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన డబ్బా పంది మాంసం. 1970లో ఒక బ్రిటిష్ టీవీ హాస్య సన్నివేశంలో, హోటలులో ఏ పదార్థం అడిగినా స్పామ్ తప్పకుండా వచ్చిపడుతుంది, చివరికి ఆ పేరు తప్ప ఇంకేమీ వినబడదు. ఇంటర్నెట్ తొలి తరం వాళ్లు అడగని సందేశాలకు ఆ పేరు ఎత్తుకున్నారు.

నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. జంక్ ఒకప్పుడు పీపాలో పెట్టిన ఉప్పు మాంసం, స్పామ్ డబ్బాలో పెట్టిన ఉప్పు మాంసం. మన ఫోనులో చెత్త ఉత్తరాలకున్న రెండు పేర్లూ నిల్వ మాంసం పేర్లే.

వ్యాపార వార్తల్లో ‘జంక్ స్థాయికి తగ్గిన రేటింగ్’ అంటారు. అంటే ఆ బాండ్లు (అప్పు పత్రాలు) దండగేనా?

దండగ కాదు, ప్రమాదం. రేటింగ్ సంస్థలు అప్పు తీసుకునేవారికి మార్కులు వేస్తాయి. ఆ మార్కు బీబీబీ మైనస్ కన్నా దిగితే పెట్టుబడికి తగిన తరగతి దాటి కిందికి వెళ్లినట్టు. ఆ కిందివన్నీ జంక్. ఇచ్చిన అసలు సొమ్ము తిరిగి వస్తుందో రాదో తెలియదు కాబట్టి వడ్డీ ఎక్కువ ఇస్తామంటారు. ఆ వడ్డీ కోసం కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ పేరు 1970ల చివర్లో స్థిరపడింది. 2010 ఏప్రిల్ 27న గ్రీసు దేశపు రేటింగ్‌నే జంక్ స్థాయికి తగ్గించారు. ‘చెత్త బాండ్లు’ అని అనువదించే విలేఖరులు ఒక్క క్షణం ఆలోచించాలి. చెత్తను ఎవరూ డబ్బిచ్చి కొనరు.

జంక్ డీఎన్ఏ అంటే మన శరీరంలో పనికిరాని డీఎన్ఏ ఉన్నట్టేనా?

మన డీఎన్ఏలో ప్రొటీన్లకు సంకేతాలిచ్చే భాగం రెండు శాతం కన్నా తక్కువ. మిగతాదంతా ఏమిటన్న ప్రశ్న చాలాకాలంగా ఉంది. జపాన్ సంతతి శాస్త్రవేత్త సుసుము ఓనో 1972లో రాసిన వ్యాసంతో దానికి జంక్ అనే పేరు ప్రచారమైంది. ఆ పేరు చాలామందికి నచ్చలేదు. 2012లో ఎన్‌కోడ్ అనే పెద్ద పరిశోధక బృందం జీనోములో, అంటే మన మొత్తం డీఎన్ఏలో, 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన చర్య ఉందని ప్రకటించగానే ‘జంక్ కాదని తేలిపోయింది’ అని పత్రికలు రాశాయి. ఏదో ఒక చర్య ఉన్నంత మాత్రాన అది శరీరానికి పనికొస్తున్నట్టు కాదని మిగతా శాస్త్రవేత్తలు ఎదురు వాదించారు. ఆ వాదన ఇంకా చల్లారలేదు. జీన్లను అదుపు చేసే భాగాలు ప్రొటీన్ సంకేతాల బయట చాలానే ఉన్నాయన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

ఈ గొడవలో మాటను సరిగ్గా పట్టుకున్నవారు జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్. తర్వాత 2002లో నోబెల్ అందుకున్న ఆయన 1998లో ఒక వ్యాసంలో ఇలా విడదీశారు: పనికిరానివి రెండు రకాలు, ఉంచుకునేది జంక్, పారేసేది గార్బేజ్. డీఎన్ఏలో అదనంగా ఉన్నది జంక్ అన్నారే కానీ గార్బేజ్ అనలేదని గుర్తుచేశారు. ఓడలో పాత తాడును దాచిన మనిషి కూడా ఆ వ్యాసం చదివితే తల ఊపేవాడు.

అంతరిక్షంలో జంక్ అంటున్నారు కదా, అది దాచుకున్నదా, పారేసినదా?

రెండూ కాదు. పారేయడానికి అవతల చోటు లేదు, దాచుకోవడానికి చేతికి అందదు. పనిచేయని ఉపగ్రహాలు, రాకెట్ల చివరి దశలు, అవి ఢీకొని విరిగిన ముక్కలు భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. పాత అర్థానికి దగ్గరగా వచ్చిన పని ఒకటి మన శ్రీహరికోటలో జరిగింది. 2022 జూన్ 30న ఎగిరిన పీఎస్ఎల్‌వీ సీ53 ఉపగ్రహాలను విడిచిపెట్టాక, మామూలుగా అయితే వ్యర్థంగా మిగలవలసిన దాని నాలుగో దశను ఇస్రో ప్రయోగాల వేదికగా వాడుకుంది. ఆ వేదిక పేరు పోయెమ్. 2024 జనవరి 1న వెళ్లిన మూడో పోయెమ్, పని ముగిశాక అదే ఏడాది మార్చిలో వాతావరణంలోకి తిరిగివచ్చి, కక్ష్యలో ముక్క మిగల్చకుండా పోయింది.

జంక్ ఫుడ్ అనే పేరు ఎప్పటిది? దేన్ని జంక్ ఫుడ్ అనాలి?

ఈ పేరు 1970ల మొదట్లో అమెరికాలో జనం నోళ్లలో పడింది. కడుపు నింపుతుంది, ఒంటికి కావలసింది ఇవ్వదు అన్నది భావం. ‘జంక్’ అనడం తిట్టే కానీ కొలత కాదు, అందుకే చట్టాలు ఈ మాట మీద ఆధారపడవు. మన ఆహార భద్రత సంస్థ 2020లో చేసిన నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలు అనే పేరుతో వ్యవహరిస్తాయి. వాటిని బడి ఆవరణలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాల్లోనూ ఇలాంటి వాటిని తగ్గించాలనే చెప్పారు. కాబట్టి బర్గర్ అయితే జంక్, మిర్చిబజ్జీ అయితే సంప్రదాయం అన్న లెక్క నడవదు. నాకు బజ్జీ ఇష్టమే, అయినా నూనె నూనే.

## తెలుగులో వాడేటప్పుడు

జంక్‌కు సరైన తెలుగు మాట ఏది?

తుక్కు. చెత్త కాదు. చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తేది చెత్త. తూకానికి వేసి అమ్మేది తుక్కు. తుక్కు ఇనుము అంటాం, చెత్త ఇనుము అనం. 2021లో కేంద్రం పాత వాహనాల విధానం తెచ్చినప్పుడు తెలుగు పత్రికలు ఎవరూ చెప్పకుండానే ‘తుక్కు విధానం’ అని రాశాయి. ఆ రోజు డెస్కులో కూర్చున్నవారి చెవి బాగా పనిచేసింది.

ఇంట్లో జంక్ ఉండే చోటు అటక. మా అటక మీద చిల్లు పడిన ఇత్తడి బిందె, మూడు కాళ్ల పీట, బ్యాటరీ మూత పోయిన రేడియో, రెండు బొగ్గు ఇస్త్రీపెట్టెలు ఉన్నాయి. ఏటా సంక్రాంతికి దింపుతాం, దులుపుతాం. ‘ఉండనీ రా, ఎందుకైనా పనికొస్తుంది’ అని మా అమ్మ అంటుంది, మళ్లీ ఎక్కిస్తాం. జంక్‌కు ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు.

జంక్ ఫుడ్‌ను ‘చిరుతిండి’ అని రాయవచ్చా?

వద్దు. భోజనానికీ భోజనానికీ మధ్య తినే చిన్న తిండి చిరుతిండి. వేయించిన శనగలు, మరమరాలు, నువ్వుండ కూడా చిరుతిళ్లే. వాటి మీద లేని నింద ఎందుకు? ‘చెత్త తిండి’ అంటే కోపం తెలుస్తుంది కానీ అర్థం తెలియదు. వార్తకు, వ్యాసానికి జంక్ ఫుడ్ అని తెలుగు లిపిలో రాసేయడమే మంచిది. పల్లెలో కూడా తెలియనివారు లేరు. ఆరోగ్య సలహా రాస్తున్నట్టయితే ‘ఉప్పు, నూనె, చక్కెర ఎక్కువైన తిండి’ అని విడమరచండి. ఏది తగ్గించాలో చదివేవారికి అక్కడే తెలుస్తుంది.

గార్బేజ్, రబ్బిష్, ట్రాష్, స్క్రాప్, లిట్టర్ అన్నీ ఒకటేనా?

ఇప్పటి వాడుకలో దాదాపు ఒకటే, పుట్టుకలో ఒక్కోటి ఒక్కో గుమ్మం ముందు పుట్టింది. గార్బేజ్ వంటింటి వెనక పుట్టింది. 15వ శతాబ్దంలో దాని అర్థం కోడిని కోసినప్పుడు తీసే పేగులు, గుండెకాయ వగైరా. రబ్బిష్ కూల్చిన గోడ దగ్గరిది, రాళ్లూ సున్నం కలిసిన శిథిలాల మాటకు దగ్గరి చుట్టం. స్క్రాప్ స్కాండినేవియా నుంచి వచ్చింది, గీకగా రాలిన ముక్క. ట్రాష్ కూడా ఆ వైపు నుంచే, రాలిన ఆకులూ పుల్లలకు చెందినదని ఎక్కువమంది అంటారు. లిట్టర్ సంగతి తమాషా. ఫ్రెంచిలో పడకకున్న పేరు నుంచి వచ్చింది. ముందు పడక, తర్వాత పశువుల కింద పరిచే గడ్డి, ఆ గడ్డి చెల్లాచెదురయ్యాక రోడ్డు మీద కాగితాలు. డ్రాస్ అనేది కరిగిన లోహం మీద తేలే మురికి, వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషు మాట. మన వైపు కమ్మరి కొలిమి దగ్గర చిట్టెం అంటారే, ఆ కుటుంబంలోనిది ఆ వస్తువు.

చివరిగా, ‘జంక్’ అని రాయాలా, ‘జంకు’ అని రాయాలా?

బస్సు, ఫోను, రైలు అన్నట్టుగా అరువు మాట చివర ఉకారం చేర్చడం మన అలవాటే, అది మంచి అలవాటు కూడా. ఇక్కడ మాత్రం పొల్లుతో ‘జంక్’ అనే రాయండి. ‘జంకు ఫుడ్’ అని రాస్తే, తినడానికి జంకే తిండి అని అర్థం వస్తుంది. ఆ తిండి ముందు జంకినవారిని నేను ఇంతవరకు చూడలేదు.